తెల్ల ఎముకల కప్ప

మ్యూజియం వెనక భాగంలో, టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ళు అడుగుపెట్టని చోట, కిటికీలు లేని పొడవాటి గది ఒకటుంది. అందరూ దాన్ని సీసాల గది అంటారు. ఇనప అరల నిండా నలభై వేల సీసాలు, సీసాల నిండా స్పిరిట్, అందులో కప్పలూ బల్లులూ పాములూ. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ముక్కు మూసుకుంటారు. ముప్ఫై రెండేళ్ళుగా అక్కడ కూర్చుని బొమ్మలు గీస్తున్న బొమ్మలక్కకి మాత్రం ఆ వాసన ఉందన్న సంగతే గుర్తుండదు.

ఫొటోలు వచ్చాక ఇంకా బొమ్మలెందుకండీ అని అడిగేవాళ్ళుంటారు. అలాంటివాళ్ళని చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది. ఒక కప్ప చెయ్యి గీయడానికి ఆమె మూడు రోజులు తీసుకుంటుంది. వేలి చివరి ఎముక కొనదేరి ఉందా, అడ్డకర్ర బిగించినట్టు రెండు వైపులా సాగి ఉందా అన్నది ఒక్క గీతలో తేలాలి. ఆ గీత తప్పితే కప్ప వేరే కుటుంబంలో పడుతుంది. అప్పుడు ఎక్కడో ఎవరో పెద్దమనిషి ఆమె బొమ్మని నమ్మి తన కప్పకి తప్పు పేరు పెట్టి నవ్వులపాలవుతాడు. "నా గీత మీద ఎంతమంది పరువు నిలబడి ఉందో తెలుసా?" అని ఆమె సీసాలాయన్ని దెప్పుతూ ఉంటుంది. సీసాలు తుడిచి, స్పిరిట్ తగ్గితే నింపి, మూతలు బిగించే ఉద్యోగి ఆయన. ఆయనేం తక్కువ తినలేదు. "నేను మూత వదులుగా పెట్టానంటే మీ కప్ప ఎండి అట్టముక్కవుతుంది. అప్పుడు దేన్ని చూసి గీస్తారు?" అంటాడు.

ఆ గదిలో ఆమెకి బాగా తెలిసినవి గాజు కప్పలు. బొటనవేలంత ఉంటాయి. వీపు లేతాకు రంగు, పొట్ట చర్మం మాత్రం అచ్చం గాజు. వెల్లకిలా తిప్పితే లోపలి సామానంతా కనిపిస్తుంది. వాటిని వర్గాలుగా విడదీసేది కూడా చాలావరకు ఆ సామాను చూసే. కొన్నిటి గుండె మీద తెల్లపొర ఉంటుంది, కొన్నిటికి ఎర్రగా బయటికే కనిపిస్తుంది. కొన్నిటి కాలేయం తమ్మెలు తమ్మెలుగా విడిపోయి ఉంటుంది, కొన్నిటిది ఒకటే ఉండ. కొన్ని మగకప్పలకి భుజం ఎముక పక్కన కొక్కెం లాంటి ముల్లుంటుంది, గుడ్లు పెట్టే ఆకు కోసం కొట్టుకున్నప్పుడు పనికొస్తుంది. ఇక ఎముకలు. ఒక వర్గానికి తెల్లవి, ఇంకో వర్గానికి ఆకుపచ్చవి. నిజంగానే ఆకుపచ్చ, లేత చిగురు రంగు.

చిక్కల్లా ఏమిటంటే, స్పిరిట్‌లో పడ్డ కొన్నాళ్ళకే రంగులు చచ్చిపోతాయి. వీపు పాలిపోతుంది, పచ్చ ఎముక తెల్లబడుతుంది. అందుకని అడవిలో కప్పని పట్టినవాడు ముందుగా దాన్ని గాజుపలక మీద వెల్లకిలా పెట్టి, ఎముకలు ఏ రంగు, గుండె కనిపిస్తోందా, పేగుల మీద పొర ఎలా ఉంది అన్నవన్నీ అక్కడే పుస్తకంలో రాసుకోవాలి. వాళ్ళ భాషలో వాటిని బతికున్న రంగులంటారు. అవి రాయకుండా సీసాలో వేస్తే సగం కప్పని పారేసుకున్నట్టే లెక్క.

పదిహేడో అరలో ఒక సీసాకి ఎర్ర చీటీ కట్టి ఉంటుంది. ఎర్ర చీటీ ఉందంటే ఆ కప్పే ఒక జాతి పేరుకి సాక్షి అని అర్థం. ఆ పేరు విషయంలో లోకంలో ఎక్కడ తగువొచ్చినా వచ్చి ఆ సీసానే తెరిచి చూడాలి. ఆ జాతికి పెట్టింది బొమ్మలక్క తమ్ముడి పేరు. పుస్తకాల్లో దాని పేరు నోరు తిరగనంత పొడుగ్గా ఉంటుంది కానీ, మ్యూజియంలో అందరూ చిట్టోడి కప్ప అంటారు. ఇంట్లో తమ్ముడి ముద్దుపేరు చిట్టోడు. ఆరడుగుల మనిషి, గుమ్మం దాటినప్పుడల్లా తల వంచాల్సినవాడు, ఆ పిలుపు మాత్రం వదల్లేదు.

తమ్ముడు ఇదే మ్యూజియం కోసం అడవుల్లో తిరిగి కప్పల్ని పట్టుకొచ్చేవాడు. ఇరవై ఆరేళ్ళ కిందట ఒక జలపాతం దగ్గర ఏడు గాజు కప్పల్ని పట్టాడు. సీసాల్ని కొండ కింద దుకాణంలో భద్రంగా పెట్టి, గుడ్ల కోసం మళ్ళీ పైకెళ్ళాడు. ఆ రాత్రి పైన వాన పడి వాగు ఒక్కసారిగా పొంగింది. రెండు రోజులకి దొరికాడు. చొక్కా జేబులో పుస్తకం ఉంది, కానీ ఒక్క అక్షరం మిగల్లేదు.

చిట్టోడి కప్ప పెద్ద వింత కప్ప. ముల్లు, కాలేయం, గుండె మీద పొర, అన్నీ పచ్చ ఎముకల వర్గం లక్షణాలే. ఎముకలు మాత్రం తెలుపు. ఆ వర్గంలో అలాంటిది ఇంకొకటి లేదు. ఎక్కడ పెట్టాలో తోచక పుస్తకాలు రాసేవాళ్ళు దాన్నొక మూల విడిగా పెట్టారు. ఆ తర్వాత మళ్ళీ ఎవరికీ దొరకలేదు.

దొరకదని బొమ్మలక్కకి తెలుసు. ఆ తెల్ల ఎముకలు ఆమె నోట్లోంచి పుట్టినవే.

బుధవారం పొద్దున కప్పల డాక్టరు వచ్చింది. ముప్ఫై దాటిన పరిశోధకురాలు, చదువు వల్ల పేరు ముందు డాక్టరని ఉంటుంది. చేరిన మొదటి రోజే సీసాలాయన తన మోకాలి నొప్పికి మందడిగి భంగపడ్డాడు, అప్పటినుంచీ ఆ పేరు ఖాయమైంది. జలపాతం దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టుంది, బూట్ల అంచుల్లో బురద ఇంకా ఆరలేదు. చల్లటి పెట్టెలోంచి చిన్న డబ్బా తీసి, తడి నాచులోంచి కప్పని పట్టి గాజుపలక మీద పెట్టింది. పలకని పైకెత్తి పట్టుకుంది.

"చూడండక్కా. బతికున్నది చూసి ఎన్నాళ్ళయింది మీరు?"

బొమ్మలక్క కింద నుంచి చూసింది. పొట్ట లోపల తెల్లపొర కప్పుకున్న గుండె టకటకా కొట్టుకుంటోంది. కాలి ఎముకలు, చేతి ఎముకలు, వేళ్ళ కణుపులు అన్నీ చిగురు రంగులో స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"పచ్చగా ఉన్నాయి," అంది.

"పచ్చగానే ఉన్నాయి. జలపాతం కింద వెతికినంత మేరా ఇవే. అంటే ఇది ఎప్పుడో పేరు పెట్టిన పాత జాతి, అందరికీ తెలిసినదే." ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "నాకేమనిపిస్తోందంటే, మీ తమ్ముడు కింద పట్టలేదు. పైన పట్టాడు. తెల్లవి జలపాతం పైన ఉండి ఉంటాయి. సోమవారం ఎక్కుతున్నాను. పది రోజులకి అనుమతి తెచ్చుకున్నాను."

"వానలు మొదలయ్యాయిగా?"

"వానల్లోనే కదా అవి కూసేది. ఎండాకాలం వెళ్ళి ఎవరిని పలకరించను?"

బొమ్మలక్క నీళ్ళు నమిలింది. రాళ్ళు జారతాయంది, తోడెవరూ లేరా అంది, వాగు చెప్పి రాదంది. కప్పల డాక్టరు అన్నిటికీ నవ్వుతూ తలూపింది. అలా తలూపేవాళ్ళు మాట వినే రకం కాదని బొమ్మలక్కకి తెలుసు. ఆమె ఇంట్లో అలాంటివాడొకడు పెరిగాడు.

ఆ సాయంత్రం ఆమెకి ఒక ఆశ పుట్టింది. అబద్ధం చెప్పింది నిజమే, కానీ అబద్ధం చెప్పినంత మాత్రాన కప్ప పాతదే అయి తీరాలనేముంది? ఏ ఎముకలోనో, ఏ కణుపులోనో తేడా ఉంటే చిట్టోడి పేరు న్యాయంగానే నిలబడుతుంది. పెద్దాయన ఆ రోజుల్లో అంత జాగ్రత్తగా చూసి ఉండకపోవచ్చు. పెద్దాయనంటే అప్పటి శాఖాధిపతి, ఆ కప్పకి పేరు పెట్టినవాడు. ఆయన పోయి పదేళ్ళవుతోంది. గురువారం పొద్దున్నే ఆమె తనే వెళ్ళి కప్పల డాక్టర్ని పిలిచింది. "చిట్టోడి కప్పనీ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి మొదటినుంచీ చూద్దాం రా," అంది.

ఏడు కప్పల్లో ఒకదాన్ని పెద్దాయన అప్పట్లోనే మందుల్లో నానబెట్టి, మాంసమంతా పారదర్శకం చేసి, ఎముకలకి ఎర్ర రంగు ఎక్కించి ఉంచారు. పాత జాతిది కూడా అలాంటిది అరలో ఉంది. రెండిటినీ చెరో గాజుగిన్నెలో పెట్టి సూక్ష్మదర్శిని కిందికి తెచ్చారు. కప్పల డాక్టరు చూసి చెబుతోంది, బొమ్మలక్క గీస్తోంది. మడమ దగ్గర రెండు ఎముకలు అతుక్కుపోయి ఒకటే. ఇక్కడా అంతే, అక్కడా అంతే. మూడో వేలి కింద ఎముకకి చిన్న మొటిమ. రెండిటికీ ఉంది. వేలి చివర అడ్డకర్ర. ఉంది. భుజం ముల్లు ఎంత వంకర తిరిగిందో కోణం కొలిచి చూశారు. ఒక్కటే కోణం. మధ్యాహ్నానికి రెండు సీసాల్లోంచీ ఒక్కో కప్ప తీసి, పొట్ట కోసి కాలేయం తమ్మెలు లెక్కపెట్టారు. సమానం. చెవి పొర, పళ్ళ వరస, వేళ్ళ మధ్య చర్మం, అన్నీ అంతే. ఒక్కో అంశం తేలుతున్నకొద్దీ బొమ్మలక్క పెన్సిలు నెమ్మదించింది. ఆఖరికి రెండు చేతుల బొమ్మలూ కాగితం మీద పక్కపక్కన ఉన్నాయి, ఏది దేనిదో ఆమే పోల్చుకోలేకపోయింది.

"చూశారా అక్కా!" కప్పల డాక్టరు వెనక్కి వాలింది. "మిగిలింది మీ మాటొక్కటే. మీ తమ్ముడు ఫోన్లో మీతో అన్న మాట లేకపోతే, రెండూ ఒకటేనని ఇవాళే రాసేసి చేతులు దులుపుకునేదాన్ని. ఉంది కాబట్టే వెళ్ళాలి. ఒక్క ఎముకల రంగు తప్ప ఇంకే తేడా లేని జాతి దొరికిందంటే ఎంత పెద్ద విషయమో చెప్పండి!"

బొమ్మలక్క ఆ ఉత్సాహాన్ని చూడలేకపోయింది. ఏదో పనున్నట్టు లేచి, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగింది.

ఆ ఫోను సంగతి చెప్పాలి. తమ్ముడు దుకాణం నుంచి మ్యూజియంకి చేసింది నిజం. మూడు నిమిషాలు మాట్లాడింది నిజం. కానీ ఆ మూడు నిమిషాల్లో కప్ప అనే మాటే రాలేదు.

వాళ్ళ అమ్మ నర్సుగా పనిచేసేది. ఆవిడ కోపం వచ్చినప్పుడు అరిచే మనిషి కాదు, మాట్లాడటం మానేసే మనిషి. వార్డులో డాక్టర్లు కూడా ఆ మౌనానికి జడిసేవారు. కొడుకు ఈ కొండలూ వాగులూ వదిలి నీడపట్టున ఉంటాడని ఎవరి కాళ్ళో వేళ్ళో పట్టుకుని ఒక ఆఫీసులో ఉద్యోగం మాట్లాడి పెట్టింది. రమ్మన్న రోజున కొడుకు అక్కడికి వెళ్ళకుండా అడవికి సామాను సర్దుకున్నాడు. అమ్మ నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. వెళ్ళొస్తానమ్మా అంటే గోడవైపు తిరిగి బట్టలు మడతపెట్టుకుంది. అతను కాసేపు గుమ్మంలో నిలబడి వెళ్ళిపోయాడు.

ఫోన్లో అతను అడిగింది అదే. "అక్కా, అమ్మ ఇంకా మూతి ముడుచుకునే ఉందా?"

"నీ పేరెత్తితే లేచి వెళ్ళిపోతోంది."

"నాకు కోపం లేదని చెప్పక్కా. తప్పు నాదే. తన పరువు తీశాను. రాగానే ఆ ఆఫీసుకి వెళ్ళి కనబడతానని చెప్పు. చేరతానో లేదో తర్వాత సంగతి, కనబడటమైతే కనబడతాను. ముందు నాతో మాట్లాడమను. అమ్మ మాట్లాడకపోతే అన్నం కూడా సయించటం లేదు."

చెబుతానంది. ఆ రోజు బొమ్మ పూర్తిచేసి ఇంటికెళ్ళేసరికి అమ్మ ఆసుపత్రికి డ్యూటీకి వెళ్ళిపోయింది. పొద్దున చెబుదామనుకుంది. పొద్దున వాగులో కొట్టుకుపోయాడన్న వార్త వచ్చింది. ఆ తర్వాతి వారం ఆ ఇంట్లో ఎవరూ ఎవరి మాటా వినే స్థితిలో లేరు.

వారం పోయాక పెద్దాయన పరామర్శకొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, టోపీ చేతుల్లో తిప్పాడు. తర్వాత అన్నాడు: "ఏడు కప్పలూ చూశానమ్మా. బతికున్న రంగులు లేవు. ఎముకలు పచ్చవైతే పాతవే. తెల్లవైతే మాత్రం కొత్త జాతి. కొత్తదైతే వాడి పేరే పెడతాను. పుస్తకాలున్నంత కాలం ఉంటుంది. ముందురోజు నీకు ఫోన్ చేశాడుగా, రంగు గురించి ఏమైనా అన్నాడా?"

తెల్లవన్నాడని చెప్పింది. మాట నోరు దాటేదాకా చెబుతానని ఆమెకే తెలియదు. తమ్ముడి పేరు ఎక్కడో ఒకచోట మిగలాలి, అంతే ఆమెకి తోచింది.

"ఇంకేమన్నాడు?"

"ఇంకేం లేదండీ. ఉన్నంతసేపూ కప్పల గురించే. లైను కట్టయింది."

అప్పుడు వంటింటి గుమ్మంలోంచి అమ్మ గొంతు వినిపించింది. ఆవిడ అక్కడ నిలబడి ఉందని ఆమె చూసుకోలేదు. "నా సంగతేమైనా అడిగాడా?"

పెద్దాయన ఎదురుగా ఉన్నాడు. ఉన్నంతసేపూ కప్పల గురించేనని ఇప్పుడే చెప్పింది. ఒక్క క్షణం ఆలోచించింది.

"లేదమ్మా," అంది.

అమ్మ లోపలికెళ్ళి కుళాయి తిప్పుకుంది. పెద్దాయన వెళ్ళాక నిజం చెబుదామనుకుంది బొమ్మలక్క. చెబితే అమ్మ ఆయన్ని అడుగుతుంది, కప్ప పేరు పోతుంది. పేరు అచ్చయ్యాక చెబుదామనుకుంది. అచ్చయ్యాక చెప్పడం ఇంకా కష్టమైంది. అలా ఇరవై ఆరేళ్ళు గడిచాయి. అమ్మ ఏడవదు, నెత్తి కొట్టుకోదు. ఎవరైనా కొడుకు సంగతి అడిగితే రోగి చార్టు చదివినట్టు చెబుతుంది: "పోయేముందు కూడా వాడికి కప్పల ఎముకలే గుర్తొచ్చాయి. నామీద కోపంతోనే పోయాడు." ఆ మాట విన్న ప్రతిసారీ బొమ్మలక్క లేచి ఏదో ఒక పని వెతుక్కుంటుంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. చావకుండా గిన్నెలు తోముతుంది.

గురువారం ఇంటికెళ్ళినప్పుడు అమ్మ కిటికీ పక్కన కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటోంది. ఎనభై రెండేళ్ళు. చూపు తగ్గింది కానీ నోరు తగ్గలేదు. మూడో అంతస్తు మెట్లు ఇప్పటికీ ఎవరి సాయం లేకుండా ఎక్కుతుంది, సాయం పట్టబోయినవాళ్ళని కసురుతుంది. బొమ్మలక్క ఎదురుగా కూర్చుంది, నోరు తెరిచింది, మందులేసుకున్నావా అని అడిగింది. "వేసుకున్నా. ఏంటలా ఉన్నావు? స్పిరిట్ తాగావా?" అంది అమ్మ. ఇద్దరూ నవ్వారు. ఆ రోజుకి అంతే జరిగింది.

శుక్రవారం పొద్దున మ్యూజియం నడవలో, కప్పల డాక్టరు గది బయట, సామాను సర్ది పెట్టి ఉంది. చుట్ట చుట్టిన తాడు, టార్చీలు, ఇరవై ఖాళీ సీసాలు, మోకాళ్ళదాకా వచ్చే రబ్బరు బూట్లు. బొమ్మలక్క దాటి వెళ్ళబోయి ఆగింది. బూట్ల అడుగులు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడిపోయింది. మనసులో బేరాలు మొదలయ్యాయి. కొత్త బూట్లు కొనిపెడితే? మనిషిని తోడిచ్చి పంపితే? అడవి శాఖ వాళ్ళకి చెప్పి అనుమతి ఆపిస్తే? ఒక్కో బేరం తనకే నీచంగా అనిపించింది. తమ్ముడి పేరు కావాలి, ఈ పిల్ల ప్రాణమూ కావాలి. రెండూ దక్కించుకునే దారి కోసం మూడు రోజులుగా వెతుకుతోంది, అది లేదు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"నువ్వు వెళ్ళొద్దు. అక్కడ అలాంటి కప్ప లేదు."

"ఎలా చెబుతారక్కా?"

"మా తమ్ముడు ఫోన్లో ఎముకల మాటే ఎత్తలేదు. తెల్లవన్నది నేను. కల్పించి చెప్పాను."

కప్పల డాక్టరు ముందు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక వెనక్కి జరిగి కుర్చీలో కూర్చుంది. బల్ల మీద పటం దగ్గరికి లాక్కుంది. జలపాతం పైన దారి ఎర్ర సిరాతో గీసి ఉంది.

"నాకంటే ముందు ఇద్దరు వెళ్ళారు, తెలుసా మీకు?" అంది. "ఒకాయన కాలు విరిగి వచ్చాడు. ఇంకొకావిడ మూడు వానాకాలాలు తిరిగింది. మీ పక్కనే కూర్చుని ఆవిడ బొమ్మలు గీయించుకుంది. అప్పుడు కూడా చెప్పలేదా?"

"చెప్పలేదు."

"నా నాలుగేళ్ళు దీనికే పోశాను."

బొమ్మలక్కకి క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు. అరిస్తే బాగుండుననుకుంది. ఆ అమ్మాయి అరవలేదు. తెల్లకాగితం తీసి ముందుకు తోసింది.

"ఇది రాసివ్వాలి. మీ చేత్తో. లేకపోతే ఎవరూ ఒప్పుకోరు."

"రాస్తాను. పేరు కొట్టేస్తారా?"

"కొట్టెయ్యరు. ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. మీ తమ్ముడిది దాని కింద చిన్నక్షరాల్లో ఉంటుంది, చెల్లని పేర్ల వరసలో. ఎర్ర చీటీ అలాగే ఉంటుంది." పటం మడుస్తూ అంది: "వచ్చే నెల అచ్చవుతుంది. ఆలోపల మీ ఇంట్లో వాళ్ళకి చెప్పుకోండి. పత్రికలవాళ్ళెవరైనా ఫోన్ చెయ్యొచ్చు."

బొమ్మలక్క రాసింది. ముప్ఫై రెండేళ్ళలో ఆ మ్యూజియంలో ఆమె రాసిన అతి పొడవైన రాత అదే, ఆరు వాక్యాలు. సంతకం పెట్టింది. బయటికొస్తుంటే కప్పల డాక్టరు వెనక నుంచి అడిగింది, కోపం తగ్గని గొంతుతోనే. "మరి ఫోన్లో ఏం మాట్లాడాడు?"

బొమ్మలక్క గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ ప్రశ్నకి మొదటి జవాబు అందవలసింది ఈ అమ్మాయికి కాదు. సీసాలాయనకి చెప్పి, మధ్యాహ్నమే ఇంటికి బయలుదేరింది.

అమ్మ వంటింట్లో బల్ల ముందు కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతోంది. వేళ కాని వేళ కూతుర్ని చూసి చెయ్యి ఆపింది. "ఏం? ఉద్యోగం ఊడిందా?"

"అమ్మా, చిట్టోడి కప్ప లేదు. అది పాత కప్పే. ఎముకలు తెల్లవని నేను అబద్ధం చెప్పాను. ఇక వాడి పేరు చెల్లదు."

అమ్మ కళ్ళద్దాల్లోంచి చూసింది. "కప్పకి పేరు లేకపోతే కొంప మునిగిందా? వాడి పేరు నాకు గుర్తుంది చాలదా?" అని తువ్వాలు మళ్ళీ అందుకుంది. అంతలోనే చెయ్యి ఆగిపోయింది. నలభై ఏళ్ళు రోగుల అబద్ధాలు విన్న మనిషి ఆవిడ.

"ఎముకల మాట అబద్ధమైతే," అంది నెమ్మదిగా, "వాడేమన్నాడు?"

బొమ్మలక్క చెప్పింది. మూతి ముడుచుకునే ఉందా అన్న దగ్గర నుంచి అన్నం సయించటం లేదన్న దాకా, ఒక్క మాట వదలకుండా, ఒక్క మాట చేర్చకుండా చెప్పింది. ఇరవై ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పని మాటలు, ఒక్కటీ చెరగలేదు.

అమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మళ్ళీ చెప్పు," అంది.

మళ్ళీ చెప్పింది.

"కోపం లేదన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"నాకు కోపం లేదని చెప్పక్కా. అదే మాట."

"ఆఫీసుకి వస్తానన్నాడా?"

"కనబడతానన్నాడు. చేరతానో లేదో తర్వాత సంగతన్నాడు."

అమ్మకి నవ్వు రాబోయి మధ్యలో విరిగిపోయింది. "వెధవ! చేరేవాడు కాదు," అంది. తర్వాత ఏడ్చింది. కొడుకు పోయినప్పుడు కూడా ఏడవని మనిషి, ఆ మడతపెట్టిన తువ్వాలు మొహానికి అదుముకుని, భుజాలు కుదిపేసేలా ఏడ్చింది. బొమ్మలక్క లేచి దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. ఆమె ఆగిపోయి అక్కడే నిలబడింది.

ఏడుపు ఆగాక అమ్మ మొహం తుడుచుకుని కూతురివైపు చూసింది. ఆ చూపు బొమ్మలక్కకి తెలుసు. చిన్నప్పటినుంచీ తెలుసు. దాని తర్వాత ఏం వస్తుందో కూడా తెలుసు. రోజులు, వారాలు, ఒకే ఇంట్లో ఒక్క మాట లేకుండా. అందుకు సిద్ధపడింది. అంతకంటే ఎక్కువకే తను తగిన మనిషిననుకుంది.

అమ్మ గోడవైపు తిరిగింది. తువ్వాలొకటి తీసుకుంది, మడతపెట్టింది. ఇంకొకటి తీసుకుంది. దాన్ని మడతపెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని ఇటు తిరిగింది.

"నీ మొహం చూడాలని లేదు నాకు," అంది. "ఎంత కోపంగా ఉందో చెప్పలేను. ఇంకెన్నాళ్ళుంటుందో కూడా చెప్పలేను."

"ఉండాలమ్మా."

"నోరుమూసుకుని విను. మాట్లాడకుండా మాత్రం ఉండను. ఒక్కసారి ఉన్నాను, చాలు." చేత్తో ఎదుటి కుర్చీ చూపించింది. "కూర్చో. మధ్యాహ్నం ఏమైనా తిన్నావా?"

"లేదమ్మా."

"అయితే తిను ముందు," అని అమ్మ లేచి, ఎవరి సాయం లేకుండా పొయ్యి దగ్గరికి నడిచింది.